ఏడుగురి ఇంటికి డీజిల్ ఎస్‌యూవీ: షోరూంకి వెళ్లే ముందు వేసుకోవాల్సిన లెక్క

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాక మన ఇళ్లలో పెద్ద కారు మాట మళ్లీ లేచింది. నాలుగు మీటర్లు దాటిన ఎస్‌యూవీల మీద అప్పటిదాకా 28 శాతం జీఎస్టీ, దానిపైన 22 శాతం సెస్సు, మొత్తం 50 శాతం పన్ను ఉండేది. ఇప్పుడు సెస్సు పోయింది, మొత్తం 40 శాతమే. పన్ను కలపకముందు 14 లక్షలు ఉన్న బండి ఇదివరకు 21 లక్షలు అయ్యేది, ఇప్పుడు 19 లక్షల 60 వేలు అవుతుంది. లక్షా 40 వేలు తగ్గినట్టే. రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ దీనికి వేరే.

అమ్మీ, అబ్బా, ఇద్దరన్నదమ్ములు, వాళ్ల పిల్లలు ఒకే కప్పు కింద ఉండే ఇంటికి ఐదు సీట్ల కారు చాలదు. పెళ్లికో వలీమాకో ఊరెళ్లాలంటే రెండు బండ్లు కట్టాలి. అందుకే మూడు వరసల సీట్లున్న ఎస్‌యూవీ మీద కళ్లు పడతాయి. షోరూంలో అడిగే మొదటి ప్రశ్న "పెట్రోలా, డీజిలా?" మన అబ్బాల తరం జవాబు రెడీగా ఉంటుంది: "పెద్ద బండి అంటే డీజిలే బేటా."

ఆ జవాబు వాళ్ల కాలానికి కరెక్టే. ఈరోజుకి మాత్రం సగమే కరెక్టు. వడ్డీ లోన్ వద్దనుకుని చేతి డబ్బుతో కొనే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కూడబెట్టింది, ప్లాటు అమ్మితే వచ్చింది, అంతా ఒకేసారి కట్టేస్తారు. అలాంటి ఇంట్లో తప్పు బండి వస్తే ఐదారేళ్ల పొదుపు ఇరుక్కుపోతుంది. అందుకే ఇంజన్ సంగతి, నడక సంగతి, డబ్బు సంగతి మూడూ కలిపి చూద్దాం.

పేరు కొత్తది, ఇంజన్ తెలిసినదే

ఉదాహరణకి మన రోడ్ల మీద బాగా కనిపించే బండినే తీసుకుందాం. మహీంద్రా 2021లో ఎక్స్‌యూవీ700 తెచ్చింది. 2026 జనవరిలో అదే బండిని కొత్త ముఖంతో, డ్యాష్‌బోర్డు మీద మూడు తెరలతో, ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ అనే పేరుతో మళ్లీ దించింది. పేరు మారినా బానెట్ కింద ఉన్నది 2.2 లీటర్ల ఎంహాక్ డీజిలే. కొనేవాళ్లకి ఇది మంచిదే. నాలుగేళ్లకు పైగా జనం వాడి చూసిన ఇంజన్ ఇది, ప్రయోగం కాదు.

ఈ ఇంజన్ ఎక్కువ రకాల్లో 185 పీఎస్ పవర్ ఇస్తుంది. టార్క్, అంటే చక్రాలను లాగే బలం, మాన్యువల్ గేర్ల బండిలో 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 450. ఇదే బండిలో వచ్చే 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ పవర్ 200 పీఎస్, టార్క్ 380. పవర్‌లో పెట్రోలు ముందుంది, లాగే బలంలో డీజిల్ ముందుంది.

ఈ తేడా రోడ్డు మీద ఎలా తెలుస్తుంది? ఒక్కరే డ్రైవ్ చేస్తుంటే పెద్దగా తెలియదు. ఏడుగురు ఎక్కి, వెనక సంచులు పెట్టి, ఏసీ పెట్టుకుని నల్లమల ఘాట్ ఎక్కుతుంటే తెలుస్తుంది. డీజిల్ తన పూర్తి బలాన్ని 1,700 ఆర్‌పీఎం దగ్గరే అందుకుని 2,800 దాకా అలాగే పట్టి ఉంచుతుంది. ముందున్న లారీని దాటడానికి గేరు కిందకి దించి ఇంజన్‌ని అరిపించాల్సిన పని తక్కువ.

డీజిల్‌కి మైలేజీ ఎక్కువ రావడానికి రెండు కారణాలు. లీటరు డీజిల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే పది శాతం పైనే ఎక్కువ. పైగా డీజిల్ ఇంజన్ గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా చేస్తుంది, స్పార్క్ ప్లగ్గు ఉండదు. ఆ ఎక్కువ నొక్కుడు వల్ల ఇంధనంలో శక్తి వృథా తక్కువ. ఆ ఒత్తిడికి తట్టుకునేలా కట్టాలి కాబట్టే ఇంజన్ బరువూ, ఖరీదూ రెండూ ఎక్కువ.

కుటుంబానికి నడక ఎలా ఉంటుంది

ఒక తేడా ముందే తెలుసుకోవాలి. ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో-ఎన్ లాంటివి లారీల మాదిరిగా కింద ఇనుప చాసిస్ వేసి, దానిమీద బాడీ కూర్చోబెట్టిన బండ్లు. మోటు రోడ్లకి, ఎక్కువ బరువుకి అవి గట్టివి. ఎక్స్‌యూవీ700 మాత్రం మోనోకాక్, అంటే బాడీ, చాసిస్ కలిసి ఒకే పెట్టెగా ఉంటుంది. అందువల్ల మలుపుల్లో ఊగడం తక్కువ, హైవేలో నిలకడ ఎక్కువ. ఇంజన్ ముందు చక్రాలను తిప్పుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే ఏర్పాటు పై రకం డీజిల్ ఆటోమేటిక్‌లోనే ఇచ్చారు.

వెనక చక్రాలకు మల్టీలింక్ సస్పెన్షన్ ఉంది. ఒక చక్రం గుంతలో పడితే రెండోదాన్ని తనతో లాక్కెళ్లదు. డ్యాంపర్లు కూడా గుంతల తీరును బట్టి మెత్తగానో గట్టిగానో పనిచేసే రకం, దానికి కరెంటు మోటార్లేవీ అక్కర్లేదు. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లను మధ్య వరసలో కూర్చోబెట్టి రెండు వందల కిలోమీటర్లు తీసుకెళ్లాలంటే ఇలాంటివే అక్కరకొస్తాయి. తెర ఎంత పెద్దదన్నది వాళ్లకు అనవసరం.

మూడో వరస గురించి నిజం చెప్పుకోవాలి. ఈ సైజు బండ్లలో అది పిల్లల వరస. పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి. సీటు వెనక చక్రాల దగ్గర ఉంటుంది కాబట్టి కుదుపు కూడా అక్కడే ఎక్కువ. బండి పొడవు 4,695 మిల్లీమీటర్లు, చక్రాల మధ్య దూరం 2,750. మూడు వరసలూ నిలబెడితే వెనక సామాన్లకి మిగిలేది తక్కువ, పెద్ద సూట్‌కేసులు పట్టవు. గల్ఫ్ నుంచి వచ్చే భాయిని ఎయిర్‌పోర్టులో ఎక్కించుకోవడానికి ఇంటిల్లిపాదీ వెళితే సామాను కప్పుమీద కట్టాలి, లేకపోతే ఇద్దరు ఇంట్లో ఆగాలి. షోరూంలో మూడో వరసలో సేల్స్‌మ్యాన్ కూర్చుని చూపిస్తే సరిపోదు. మీ ఇంట్లో అక్కడ కూర్చోబోయే మనిషిని తీసుకెళ్లి పది నిమిషాలు కూర్చోబెట్టండి.

భద్రత విషయంలో ఈ బండి రికార్డు మంచిదే. 2021 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు 5 స్టార్లు, పిల్లల రక్షణకు 4 స్టార్లు వచ్చాయి. ఇంకో పక్క, 2023 ఆగస్టులో ఇంజన్ దగ్గర వైరింగ్ తనిఖీ కోసం కంపెనీ లక్షా 8 వేలకు పైగా ఎక్స్‌యూవీ700లను రీకాల్ చేసింది. రీకాల్ అంటే భయపడాల్సిన పనిలేదు. పాత బండి కొంటుంటే మాత్రం ఆ పని చేయించారా లేదా అని ఛాసీ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవాలి.

అసలు కథ పొగ గొట్టంలో ఉంది

అబ్బాల కాలం డీజిల్‌కీ ఇప్పటి డీజిల్‌కీ తేడా ఇక్కడే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 నిబంధనలు వచ్చాయి. బీఎస్4 కాలంలో డీజిల్ కారు కిలోమీటరుకి 250 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. బీఎస్6లో అది 80కి తగ్గింది. మసి పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి పడిపోయింది. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ మొదలై, ల్యాబులోనే కాదు, మామూలు రోడ్డు మీద నడిపి కూడా కొలవడం వచ్చింది.

ఇది సాధించడానికి బండి కింద ఒక చిన్న ఫ్యాక్టరీయే పెట్టారు. అందులో రెండు భాగాలు మనకు ముఖ్యం.

ఒకటి డీపీఎఫ్, అంటే మసిని పట్టే జల్లెడ. ఇది మసిని పట్టి ఉంచుకుంటుంది, నిండాక దాన్ని తనంతట తానే కాల్చేస్తుంది. ఆ కాల్చుడుకి జల్లెడ సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. అంత వేడి రావాలంటే బండి ఆగకుండా ఓ మోస్తరు స్పీడులో 15, 20 నిమిషాలైనా పోవాలి. హైవే మీద వెళ్లేవాళ్లకి ఈ పని జరిగినట్టు కూడా తెలియదు. టోలిచౌకి నుంచి మెహదీపట్నం స్కూలు దాకా వెళ్లి, గేటు దగ్గర ఏసీ పెట్టుకుని నిలబడి, మళ్లీ ఇంటికొచ్చే బండికి ఆ అవకాశమే రాదు. కాల్చుడు మొదలైన ప్రతిసారీ మధ్యలో ఇంజన్ ఆపేస్తే మసి పేరుకుపోతుంది. ఆ కాల్చుడు కోసం వదిలిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ పలుచన అవుతుంది. కొన్నాళ్లకి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి బలం తగ్గిపోతుంది, సర్వీస్ సెంటర్‌కి పరుగు పెట్టాలి. అక్కడ బలవంతంగా కాల్పిస్తే కొంత ఖర్చుతో పోతుంది. జల్లెడే మార్చాల్సి వస్తే బిల్లు లక్ష స్థాయికి చేరుతుంది.

రెండోది డీఈఎఫ్, యాడ్‌బ్లూ పేరుతో అమ్మే ద్రవం. ఇందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. దీనికి వేరే ట్యాంకు, వేరే మూత. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను ఇది మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. ఖర్చు పెద్దది కాదు, మర్చిపోతేనే చిక్కు. బండి ముందు నుంచే హెచ్చరిస్తుంది. అయినా నింపకపోతే ఆపిన ఇంజన్ మళ్లీ స్టార్ట్ కాదు. పొలానికి వాడే యూరియా నీళ్లలో కలిపి పోస్తే సిస్టమ్ పాడవుతుంది. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇంజనే పాడవుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండి అయితే అందరికీ ఈ విషయం చెప్పి ఉంచండి.

ఈ ఫ్యాక్టరీ ఖర్చు చిన్న కార్లకు గిట్టుబాటు కాకే మారుతీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. డీజిల్ ఇప్పుడు ఎక్కువగా పెద్ద బండ్లలోనే మిగిలింది.

రెండు ఇళ్లు, రెండు లెక్కలు

ఇప్పుడు డబ్బు సంగతి. లెక్క సులువుగా ఉండేందుకు పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిల్ 96 అనుకుందాం. హైదరాబాద్‌లో 2024, 2025లో ధరలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఒకే రకం బండిలో డీజిల్‌కి రోడ్ ట్యాక్సుతో కలిపి 80 వేలు ఎక్కువ పెట్టామనుకుందాం. డీఈఎఫ్ ఖర్చు కిలోమీటరుకి 7 పైసలు వేద్దాం. మైలేజీ కంపెనీ చెప్పినంత కాకుండా రోడ్డు మీద వచ్చేంత తీసుకుందాం. మీ ఊరి ధరలు, మీ డీలర్ చెప్పిన తేడా పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోవచ్చు.

మొదటి ఇల్లు: వ్యాపారం హైదరాబాద్‌లో, అత్తారిల్లు కర్నూలులో, నెలకి రెండు మూడు సార్లు హైవే. ఏడాదికి 15,000 కిలోమీటర్లు. పెట్రోలు లీటరుకి 11, డీజిల్ 15 ఇస్తుందనుకుంటే కిలోమీటరుకి పెట్రోలు ఖర్చు 9 రూపాయల 73 పైసలు. డీజిల్, డీఈఎఫ్ కలిపి 6 రూపాయల 47 పైసలు. తేడా సుమారు 3 రూపాయల 25 పైసలు. ఏడాదికి 48,750 మిగులు. ఎక్కువ పెట్టిన 80 వేలు 20 నెలల్లో తిరిగొస్తాయి. ఐదేళ్లకి అది పోను లక్షా 63 వేలు చేతిలో ఉంటాయి. ఈ ఇంటికి డీజిల్ తీసుకోవడంలో తప్పు లేదు.

రెండో ఇల్లు: స్కూలు, మార్కెట్, జుమ్మా నమాజు, ఆస్పత్రి, అన్నీ నాలుగైదు కిలోమీటర్లలోపే. ఏడాదికి 5,000 కిలోమీటర్లు. సిటీలో పెట్రోలు 8, డీజిల్ 11 ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకి పెట్రోలు 13 రూపాయల 37 పైసలు, డీజిల్ 8 రూపాయల 80 పైసలు. తేడా 4 రూపాయల 57 పైసలు, ఏడాదికి 22,850. ఆశ్చర్యంగా ఇక్కడ కూడా కాగితం మీద డీజిలే గెలిచింది! మూడున్నరేళ్లలో 80 వేలు తిరిగొస్తాయి, ఐదేళ్లకి 34 వేలు మిగులుతాయి.

సేల్స్‌మ్యాన్ ఈ లెక్క ఇక్కడిదాకానే చూపిస్తాడు. తర్వాతి లైను మనమే రాసుకోవాలి. ఆ 34 వేలు డీపీఎఫ్ ఒక్కసారి సతాయిస్తే పోతాయి. మార్చాల్సి వస్తే ఇంకో 60, 70 వేలు మన జేబులోంచి పెట్టాలి. ఆ సమస్య వచ్చే అవకాశం ఎక్కువ ఉన్నది కూడా సరిగ్గా ఈ రెండో ఇంటికే. డీజిల్ కొనాలా వద్దా అన్నదానికి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ కిలోమీటర్లు ఎలాంటివో చూడాలి. ఏడాదికి 8,000 తిరిగినా అందులో సగం హైవే అయితే డీజిల్ ఆరోగ్యంగా ఉంటుంది. 12,000 తిరిగినా అన్నీ సిటీ ట్రాఫిక్‌లోనే అయితే ఇబ్బందే.

సర్కారు మాట మారితే?

కొనేవాళ్ల రెండో భయం ప్రభుత్వ నిబంధనలు. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో ఖాయం చేసింది. 2025 ఆగస్టులో అదే కోర్టు, వయసు ఒక్కటే చూసి యజమానుల మీద బలవంతపు చర్యలు తీసుకోవద్దని మధ్యంతరంగా చెప్పింది. 2023 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ డీజిల్ బండ్ల మీద ఇంకో 10 శాతం జీఎస్టీ గురించి మాట్లాడారు. అదే రోజు అలాంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదని వివరణ కూడా ఇచ్చారు.

ఆ పదేళ్ల రూలు ఢిల్లీ ప్రాంతానిది. హైదరాబాద్‌కీ, విజయవాడకీ అది వర్తించదు. ఇక్కడ సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవచ్చు. ఇంకో పక్క పెట్రోలు కూడా మారుతోంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. రెండు వైపులా అనిశ్చితి ఉంది. ఐదారేళ్లు ఉంచుకునే బండికి ఇది పెద్ద అడ్డంకి కాదు, పదిహేనేళ్లు వాడాలనుకునేవాళ్లు మాత్రం ఆలోచించాలి.

పాత బండి కొనేవాళ్లకి నాలుగు మాటలు

మనలో చాలామంది కొత్తది కాకుండా మూడు నాలుగేళ్ల బండి చూస్తారు. నగదుతో కొనేవాళ్లకి అది తెలివైన పనే, కానీ డీజిల్ అయితే ఈ నాలుగూ చూడండి.

ఒకటి, బండి ఎక్కడ తిరిగిందో అడగండి. 80,000 కిలోమీటర్లు హైవేలో తిరిగిన డీజిల్, 25,000 సిటీలో తిరిగిన డీజిల్ కంటే మంచి స్థితిలో ఉండొచ్చు. మీటరు ఒక్కటే చూసి మోసపోవద్దు.

రెండు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే, డీజిల్ వాసన వస్తుంటే, అందులో డీజిల్ కలుస్తోందని అనుమానించాలి.

మూడు, మెకానిక్ చేత స్కానర్ పెట్టించి డీపీఎఫ్‌లో మసి ఎంత ఉందో, కాల్చుడు ఎన్నిసార్లు మధ్యలో ఆగిందో చూడమనండి. డీపీఎఫ్ తీసేసి పైపు పెట్టించిన బండి అయితే ముట్టుకోవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

నాలుగు, ఢిల్లీ నంబరుతో చవగ్గా వచ్చే డీజిల్ చూసి ఆశపడే ముందు ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు, రీ-రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి చూడండి. చవక ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది.

ఎవరికి ఏది

వారంలో ఒక్కసారైనా అరగంట ఆగకుండా హైవేలో, లేదా ఔటర్ రింగు రోడ్డు మీద నడిపే అలవాటు ఉండి, తరచుగా ఐదుగురికి పైగా ఎక్కేవాళ్లయితే డీజిల్ తీసుకోండి. నిండు బండితో ఘాట్ ఎక్కాల్సి వస్తే 450 న్యూటన్ మీటర్ల విలువ తెలుస్తుంది. పెద్దవాళ్లు ముగ్గురు వెనక వరసలో తప్పకుండా కూర్చోవాల్సిన ఇల్లయితే ఇన్నోవా లాంటి పొడవైన బండి కూడా చూడండి. అంత బలం అక్కర్లేదు, ఖర్చు తగ్గాలి అనుకుంటే మన అనంతపురం వైపు పెనుకొండ దగ్గర తయారయ్యే కియా క్యారెన్స్ క్లావిస్ 1.5 లీటర్ల డీజిల్ ఉంది. దాని బలం 116 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. సిటీ దాటని ఇంటికి పెట్రోలే మేలు. బంకులో కొంచెం ఎక్కువ పోయినా, వర్క్‌షాపులో మనశ్శాంతి ఉంటుంది.

డీజిల్ ఇప్పటికే ఇంట్లో ఉండి, తిరుగుడు సిటీకే పరిమితమైతే అమ్మేయాల్సిన పనిలేదు. పదిహేను రోజులకోసారి ఫజర్ తర్వాత రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఔటర్ ఎక్కి అరగంట నడిపి రండి. డీపీఎఫ్ లైటు వెలిగితే వెంటనే ఇంజన్ ఆపకుండా, మాన్యువల్ పుస్తకంలో చెప్పినట్టు నడపండి. లక్ష రూపాయల రిపేరు ఆ అరగంటలో తప్పొచ్చు.